బోరు నీళ్లకి మా గీజర్ పోయింది, కొత్తది పెట్టించే దాకా నా అనుభవం

మాది నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మొత్తం 20 ఫ్లాట్లు, మేం నాలుగో అంతస్తులో ఉంటాం. 2019 జూన్‌లో దిగాం, అప్పుడే బాత్రూంకి 25 లీటర్ల గీజర్ పెట్టించాం. వంటింట్లో పంపుకి మాత్రం మంజీర నీళ్లు వస్తాయి (ఇప్పుడు మాకు వచ్చేది కృష్ణా నీళ్లో గోదావరి నీళ్లో కానీ హైదరాబాద్‌లో మున్సిపల్ నీళ్లు ఏవైనా అందరికీ మంజీర నీళ్లే), మిగతా అన్నిటికీ బోరు నీళ్లు, ఎండాకాలం అయితే ట్యాంకర్. బోరు నీళ్లంటే ఎలాంటివో చెప్పాలంటే, స్నానం చేశాక ఒళ్లంతా పట్టేసినట్టు ఉంటుంది, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, ట్యాపుల మీద తెల్లగా పేరుకుపోతుంది. మా అత్తయ్యది తెనాలి, పుట్టినప్పటి నుంచి కాలవ నీళ్లు వాడిన మనిషి, ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే "ఏం నీళ్లే ఇవి, తలంటుకుంటే జుట్టు కొబ్బరిపీచు అయిపోతోంది" అన్నారు. మేం అలవాటు పడిపోయాం, అంతే.

గీజర్ మొదటి రెండున్నరేళ్లు ఏ గొడవా లేకుండా పనిచేసింది. 2021 చలికాలం నుంచి ఆన్ చేస్తే లోపల ఎవరో అటుకులు వేయిస్తున్నట్టు టపటపమని చప్పుడు మొదలైంది. ముందు అరగంటలో కాగే నీళ్లు ముప్పావుగంటకి కూడా గోరువెచ్చగానే ఉండేవి. 2022 జనవరిలో ఒకరోజు అసలు వేడే రాలేదు, సర్వీస్ అతన్ని పిలిస్తే ఎలిమెంట్ కాలిపోయిందని మార్చి 1,400 తీసుకుని వెళ్లాడు. 2023 ఫిబ్రవరిలో మళ్లీ అదే, మళ్లీ ఎలిమెంట్. వచ్చిన ఇద్దరిలో ఒక్కరు కూడా నీళ్ల గురించి ఒక్క మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో అతను లోపల ఉన్న సుద్దని చేతికి అందినంత తీసి బాత్రూం మూలన పోసి వెళ్లాడు, అది చూసి కూడా నాకు తట్టలేదు. ఆ రోజే అడిగి ఉంటే ఈ తర్వాత జరిగింది జరిగేది కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2023 డిసెంబర్. పొద్దున్నే అత్తయ్య స్నానానికి వెళ్లి వెంటనే తలుపు తీసి పిలిచారు, "అమ్మాయ్, ఆ పంపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది, ఒకసారి రా" అని. ఆవిడకి 71 ఏళ్లు, కాళ్లు తడిగా ఉన్నాయి. నాకు గుండె జారిపోయింది. ముందు ఆవిడని బయటికి రమ్మని, పొడి చెప్పులేసుకుని గీజర్ స్విచ్ కాదు, మెయిన్ బోర్డు దగ్గర ఎంసీబీనే దింపేశాను. ఆ రోజంతా ఎవర్నీ ఆ బాత్రూంలోకి వెళ్లనివ్వలేదు. ట్యాపు ముట్టుకుంటే కొంచెం జివ్వుమనడం చాలా ఇళ్లల్లో మామూలే అనుకుని వదిలేస్తారు, మా పక్క ఫ్లాట్ ఆవిడ కూడా "మాకూ అప్పుడప్పుడు వస్తుందండి" అన్నారు. దయచేసి అలా వదిలేయకండి, ఆ రోజే కరెంటు ఆపేసి చూపించండి.

ఈసారి కంపెనీ మనిషిని కాకుండా మా గేటు పక్కన షాపున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను, చిన్నవాడే కానీ పని తెలిసినవాడు. వచ్చి ముందు మల్టీమీటర్ తీశాడు. 2 కిలోవాట్ల ఎలిమెంట్ బాగుంటే రెండు పిన్నుల మధ్య 26 ఓమ్స్ దగ్గర చూపించాలంట, అది సరిగ్గానే ఉంది, కానీ పిన్నుకీ గీజర్ బాడీకీ మధ్య అసలు కనెక్షన్ ఉండకూడదు, మాకు రీడింగ్ వస్తోంది. అంటే ఎలిమెంట్ పైన గొట్టం పగిలి కరెంటు నీళ్లలోకి వస్తోంది. "మరి ఎంసీబీ ఎందుకు పడలేదు తమ్ముడూ?" అని అడిగాను. "ఎంసీబీ ఓవర్‌లోడ్‌కి, షార్ట్‌కి పడుతుందక్కా, ఇంత తక్కువ లీకేజీకి పడదు, దానికి ఆర్‌సీసీబీ కావాలి, కొంచెం కరెంటు లీకైనా పడిపోయే స్విచ్ అది, మీ బోర్డులో అది లేదు. ఎర్త్ బాగుంటే మనిషి దాకా రాదు, మీకు ఎర్తే లేదు" అన్నాడు. సాకెట్ ఊడదీసి చూపిస్తే ఎర్త్ వైరు తేమకి నల్లబడి స్క్రూ నుంచి ఊడి వేలాడుతోంది. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో మరి.

తర్వాత గీజర్ దించి విప్పాం. కింద పైపు తీస్తే నీళ్లు ధారగా రావాలి కదా, సన్నగా కారుతున్నాయి, లోపల ముక్కలు అడ్డం పడ్డాయి. ఫ్లాంజ్ (ఎలిమెంట్ బిగించి ఉండే మూత) బోల్టులు తీసి ఎలిమెంట్ లాగితే రాలేదు, చుట్టూ రాయి కట్టేసి ఆ కన్నంలోంచి బయటికి రానంత లావైపోయింది, స్క్రూడ్రైవర్‌తో కొట్టి కొట్టి తీశాడు. పెంకులు పెంకులుగా, కోడిగుడ్డు పెంకు కంటే మందంగా, కొన్ని బొటనవేలంత. అంతా బకెట్‌లో పోసి రెండ్రోజులు ఎండాక నేను వంటింటి కాటా మీద తూచాను, 4 కిలోల 200 గ్రాములు.

ఆ పెంకులు చూడగానే నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. అది పిడుగురాళ్ల దగ్గర, చుట్టూ సున్నం బట్టీలు. అక్కడ బావి నీళ్లు ఇలాగే ఉండేవి, పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద రాగి కాగు ఉండేది, దాని లోపల తెల్లగా పొర కట్టేది. అమ్మమ్మ పది పదిహేను రోజులకోసారి పులుసు తీసేసిన చింతపండు పిప్పి వేసి నీళ్లు పోసి రాత్రంతా ఉంచి పొద్దున్నే కొబ్బరిపీచుతో తోమేది, పొర అంతా ఊడి వచ్చేసేది. చింతపండులో ఉన్న పులుపు సున్నాన్ని కరిగిస్తుంది, అంతే కిటుకు. కాగు మూత తీస్తే కనపడుతుంది కాబట్టి అమ్మమ్మ తోమింది, గీజర్ మూత వేసేసిన కాగు కాబట్టి మేం నాలుగున్నరేళ్లు తోమలేదు.

స్కూల్లో చదువుకున్న తాత్కాలిక కాఠిన్యత పాఠం గుర్తుందా, నీళ్లని మరిగిస్తే పోతుంది అని రాసేవాళ్లం కదా, మా గీజర్‌లో జరిగింది సరిగ్గా అదే. నీళ్లలో కరిగి కనపడకుండా ఉండే కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే కాల్షియం కార్బొనేట్‌గా మారి గడ్డ కడుతుంది, అంటే సున్నపురాయే. అన్నిటికంటే వేడిగా ఉండేది ఎలిమెంట్ కాబట్టి మొదట దాని మీదే కడుతుంది. ఆ పొర వేడిని నీళ్లలోకి పోనివ్వదు, వేడంతా ఎలిమెంట్‌లోనే ఉండిపోయి అది కాలిపోతుంది లేదా పగులుతుంది. ఆ అటుకుల చప్పుడు కూడా పొర కింద ఇరుక్కున్న నీళ్లు ఆవిరై బుడగలు పగిలే చప్పుడే. వేడి ఎంత ఎక్కువ పెడితే సున్నం అంత ఎక్కువ దిగుతుంది, 60 డిగ్రీలు దాటితే మరీను, మేమేమో చలికాలం అని నాబ్ చివరిదాకా తిప్పి 75 మీద పెట్టుకున్నాం.

ఇంకొకటి చూపించాడు, నేను అప్పటిదాకా పేరు కూడా వినలేదు, యానోడ్ రాడ్ అంట. ట్యాంకు ఇనుముది, లోపల గాజు లాంటి కోటింగ్ ఉంటుంది, కోటింగ్‌లో ఎక్కడైనా చిన్న పగులుంటే అక్కడ తుప్పు పట్టకుండా ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడదీస్తారు, ట్యాంకుకి బదులు ఆ కడ్డీ తినబడుతుంది. అది పూర్తిగా అరిగిపోయాక తుప్పు ట్యాంకు మీదికి వస్తుంది. మా కడ్డీ ఉన్నచోట మధ్యలో ఉండే సన్న ఇనప తీగ ఒక్కటే మిగిలింది. మా నీళ్లకి ఏడాదికోసారి చూసి రెండేళ్లకి మార్చాలంట. దాని ఖరీదు 350 రూపాయలు. రెండుసార్లు ఎలిమెంట్ మార్చినవాళ్లు అప్పుడు ఈ 350 కడ్డీ కూడా వేసి ఉంటే ట్యాంకు బతికేది, ఈ విషయంలో నాకు నిజంగా కోపమే.

ట్యాంకుకి 5 ఏళ్ల వారంటీ, అది ఇంకా అయిపోలేదు, సరే అని కంపెనీకి ఫోన్ చేశాం, వాళ్ల మనిషి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లాడు, నాలుగు రోజుల తర్వాత గట్టి నీళ్ల (హార్డ్ వాటర్, అంటే మా బోరు నీళ్లలా సున్నం ఎక్కువున్న నీళ్లు) వల్ల వచ్చిన డ్యామేజీకి వారంటీ వర్తించదు అని మెసేజ్ పెట్టారు. కార్డు తీసి చూస్తే వెనకవైపు చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది. కొనేరోజు షాపులో ఎవరూ చెప్పరు, కొనేముందే కార్డు వెనక చదవండి.

ట్యాంకు బాగుచేసి చూద్దాం అని ఒక ప్రయత్నం చేశాం. చాలామంది బాత్రూం కడిగే యాసిడ్ పోసేస్తారు, అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, సున్నంతో పాటు ఇనుమునీ తినేస్తుంది, మూసి ఉన్న బాత్రూంలో ఆ పొగ పీలిస్తే ప్రమాదం, మేం ఆ పని చేయలేదు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) దొరుకుతుంది, లీటరు వేడినీళ్లకి 50 గ్రాముల లెక్కన కలిపి ట్యాంకులో పోసి బాల్కనీలో పెట్టాం. సోడా కొట్టినట్టు బుసబుసా పొంగింది, రాత్రంతా ఉంచి పొద్దున పారబోసి ఇంకోసారి పోశాం. లోపల చాలా శుభ్రంగా వచ్చింది, నాకు ఎంతో సంతోషం వేసింది కూడా. తీరా మామూలు నీళ్లు నింపి చూస్తే అడుగున వెల్డింగ్ దగ్గర గోధుమ రంగు మచ్చ, అందులోంచి చుక్క చుక్క. ఎలక్ట్రీషియన్ వేలు పెట్టి చూసి "ఇన్నాళ్లూ ఈ సుద్దే కన్నం మూసిందక్కా" అన్నాడు. ట్యాంకుకి కన్నం పడితే ఇంక రిపేరు లేదు, వెల్డింగ్ చేస్తే లోపల కోటింగ్ పోతుంది. పాతసామాన్లవాడికి ఇచ్చేశాం.

కొత్తది కొనేముందు ఈసారి నీళ్లు కొలవాలి అనుకున్నా. మా ఆయన వాటర్ ఫిల్టర్ అతని దగ్గర టీడీఎస్ మీటర్ తెచ్చారు, దాంట్లో 1,100 చూపించింది, కానీ టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి, అందులో గీజర్‌కి హాని చేసే కాల్షియం, మెగ్నీషియం ఎంతో అది చెప్పదు. దానికి హార్డ్‌నెస్ కిట్ కావాలి. ఇది చేపల తొట్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, చేపలు పెంచేవాళ్లకి ఇది రోజూ వాడే వస్తువు. 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని అందులో ఒక్కో చుక్కా వేస్తూ కలపాలి, నారింజ రంగు ఆకుపచ్చకి మారేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టి ఒక్కో చుక్కకి 17.9 చొప్పున వేసుకుంటే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. మంజీర నీళ్లకి 8 చుక్కలు, అంటే 143. ట్యాంకర్ నీళ్లకి 21 చుక్కలు. మా బోరుకి వేస్తూనే ఉన్నా, వేస్తూనే ఉన్నా, 35 చుక్కలకి రంగు మారింది, అంటే 626. తాగే నీళ్లకి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు, మావి అది కూడా దాటేశాయి. మా ఇంట్లో గీజర్ గుండా రోజుకి 100 లీటర్లు వెళ్తాయనుకుంటే రోజూ 60 గ్రాములకి పైగా సున్నం అందులోంచి పోతోంది, దాంట్లో ఇరవయ్యో వంతు లోపల ఆగినా చాలు. మా 4 కిలోలకి అలా లెక్క కుదిరింది.

ఏం కొనాలన్నదాని మీద ఇంట్లో వారం చర్చ. గ్యాస్ గీజర్ వద్దే వద్దన్నాను, గాలి ఆడని బాత్రూంలో దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషం, దానికి వాసన కూడా ఉండదు. సోలార్ మంచిదే కానీ టెర్రస్ అందరిదీ, పైగా గట్టి నీళ్లకి హీట్ ఎక్స్చేంజర్ ఉన్న రకం పెట్టాలి లేకపోతే ఆ గొట్టాలు కూడా ఇలాగే పూడుకుపోతాయి. 3 లీటర్ల ఇన్‌స్టంట్ బకెట్ స్నానానికి మాకు చాలదు. చివరికి మళ్లీ 25 లీటర్లదే, ఫైవ్ స్టార్, కానీ ఈసారి అడిగిన ప్రశ్నలు వేరు, ఎలిమెంట్ మీద గాజు కోటింగ్ ఉందా, యానోడ్ రాడ్ ఎంత లావు, విడిగా దొరుకుతుందా, ఫ్లాంజ్ విప్పడం సులువేనా అని. షాపతను మొదట ఆశ్చర్యంగా చూశాడు, తర్వాత తనే లోపల నుంచి రెండు మోడళ్లు విప్పి ఉన్నవి తెచ్చి చూపించాడు. 9,600 అయింది.

2024 జనవరిలో బిగించారు. ముందు ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌కి కొత్త ఎర్త్ వైరు లాగించి, మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాం, దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది, అది చూశాకే నాకు ప్రాణం కుదుటపడింది. నీళ్లు లోపలికి వచ్చే పైపు దగ్గర ఒక వాల్వ్, సేఫ్టీ వాల్వ్ నుంచి కిందికి చిన్న పైపు. సేఫ్టీ వాల్వ్ నుంచి అప్పుడప్పుడు చుక్కలు పడటం మామూలే, దాన్ని బిరడా పెట్టి మూసేస్తారు కొందరు, అలా ఎప్పుడూ చేయకూడదు, ప్రెషర్ పెరిగితే బయటికి పోయే దారి అదొక్కటే. కరెంటు వేసేముందు వేడినీళ్ల ట్యాపు తిప్పి ధారగా నీళ్లు వచ్చేదాకా ఆగాలి, ఖాళీ ట్యాంకుకి స్విచ్ వేస్తే కొత్త ఎలిమెంట్ నిమిషాల్లో పోతుంది. థర్మోస్టాట్ 50 మీద పెట్టాం. అత్తయ్య మొదట రెండ్రోజులు వేడి చాలట్లేదన్నారు, చన్నీళ్లు తక్కువ కలిపి చూడమన్నాను, సరిపోయింది. మరీ తక్కువ వేడిలో నిలవ ఉన్న నీళ్లలో సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఉంది కాబట్టి వారానికోసారి 60కి పెంచి కాసేపు ఉంచుతాం.

అయితే నీళ్లు అవే కదా. పైపు మీద బిగించే అయస్కాంతం క్లిప్ ఒకటి 1,900 పెట్టి కొన్నాం, నాలుగు నెలలైనా షవర్ జాలీలో తెల్లది ఎప్పటిలాగే వచ్చింది, మాకైతే పనిచేయలేదు. వంటింటి మంజీర లైన్‌ని గీజర్‌కి కలుపుదాం అని ప్లంబర్‌ని అడిగితే కుదురుతుంది, కానీ మిక్సర్‌లో అటు బోరు ఇటు మంజీర ఉంటాయి కాబట్టి ఒకటి ఇంకోదాంట్లోకి వెళ్లకుండా నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలన్నాడు. కమిటీ ఒప్పుకోలేదు, ఒక్కరు చేస్తే అందరూ చేస్తారు, ఎండాకాలం తాగేనీళ్లకే కొరత అన్నారు. నిజం చెప్పాలంటే వాళ్ల మాటే సబబు.

ఇంక మిగిలింది అందరికీ కలిపి సాఫ్ట్‌నర్. మే నెల మీటింగ్‌కి ఆ 4 కిలోల సుద్ద ఉన్న బకెట్ తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను, అత్తయ్యకి జరిగింది చెప్పాను, అందరి ముందూ బోరు నీళ్లు తీసి చుక్కలు లెక్కపెట్టాను. అప్పటిదాకా ఖర్చు ఎందుకన్నవాళ్లు కూడా తమ ఇంట్లో ఎన్ని ఎలిమెంట్లు మార్చారో చెప్పడం మొదలుపెట్టారు, ఒకాయన మూడు, ఇంకొకావిడ నాలుగు. పక్క ఫ్లాట్ ఆవిడ మర్నాడే తన సాకెట్ చూపించుకున్నారు, వాళ్లకీ ఎర్త్ లేదు. ఫ్లాటుకి 9,500 చొప్పున వేసుకుని ఆగస్టులో సాఫ్ట్‌నర్ పెట్టించాం. అందులో రెజిన్ అని చిన్న చిన్న పూసలు ఉంటాయి, అవి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి, పూసలు నిండిపోయాక ఉప్పునీళ్లు పోస్తే కడుక్కుని మళ్లీ తయారవుతాయి. పెట్టించిన మర్నాడే ఒకాయన టీడీఎస్ మీటర్ పెట్టి చూసి "1,100 ఉండేది 1,100 అలాగే ఉంది, మోసం" అని గ్రూపులో పెట్టారు. సాఫ్ట్‌నర్ టీడీఎస్ తగ్గించదు, ఒక లవణం తీసి ఇంకోటి ఇస్తుంది అంతే, అని కిట్‌తో చేసి చూపించాను, 4 చుక్కలు. మొక్కలకి మాత్రం ఆ నీళ్లు పోయట్లేదు, సోడియం మట్టికి మంచిది కాదని కింద తోటకి పాత బోరు లైనే ఉంచాం.

2025 జనవరిలో, సరిగ్గా ఏడాదికి, గీజర్ విప్పించాను. అదే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఒక స్టీలు గ్లాసుడు సుద్ద వచ్చింది, అది కూడా చాలావరకు సాఫ్ట్‌నర్ రాకముందుదే అయ్యుంటుంది. యానోడ్ రాడ్ సగం పైనే మిగిలింది, అయినా మార్చేశాను. ఎలిమెంట్‌ని గుడ్డతో తుడిస్తే కోటింగ్ నిగనిగలాడుతోంది. అత్తయ్య పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని అంతా చూశారు, "ఎర్త్ కూడా చూడు నాయనా" అని ఆవిడే అడిగి చూపించుకున్నారు.

ఇప్పుడు కిట్ మా వాచ్‌మెన్ దగ్గర ఉంటుంది, ప్రతి ఆదివారం పొద్దున మోటార్ దగ్గర నీళ్లు పట్టి చుక్కలు వేసి ఎన్నో గ్రూపులో పెడతాడు. పోయిన ఆదివారం 11 అని పెట్టాడు, నేను కిందికి వెళ్లేసరికే ఉప్పు అయిపోయిందని తనే చూసుకుని బస్తా తెప్పించి పోస్తున్నాడు. సాయంత్రానికి మళ్లీ 4.